చెరువులో వేసిన మందు

జబ్బు చేసిన చేపను పట్టుకుని సూది వేయడం కుదరదు. మాత్ర మింగించడమూ కుదరదు. ఎకరం చెరువులో వేల చేపలుంటాయి. వాటిలో ఏది జబ్బుపడిందో, ఏది బాగుందో గట్టు మీద నిలబడి చెప్పడం ఎంత అనుభవం ఉన్న రైతుకైనా కష్టమే. అందుకని చేపల సాగులో మందు వేయడానికి ఎక్కువగా వాడే దారి ఒక్కటే. మందును మేతలో కలుపుతారు. మేతను నీటిలో వేస్తారు. జబ్బుపడ్డ చేప, జబ్బులేని చేప, అన్నీ ఆ మేత దగ్గరికే వస్తాయి.

కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువుల్లో ఈ పని జరిగే తీరు చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. శీలావతి, బొచ్చె పెంచే చెరువుల్లో వరసగా కర్రలు పాతి ఉంటాయి. పొద్దున్నే పనివాళ్ళు చిన్న పడవలో తవుడు, చెక్క కలిపిన మేత వేసుకుని బయలుదేరతారు. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో ఆ మేత నింపి, ఒక్కో కర్రకూ ఒక్కో సంచి కట్టి, నీటిలోకి వదులుతారు. చేపలు గుంపులుగా వచ్చి ఆ చిల్లులను మూతితో పొడుస్తూ మేత లాక్కుని తింటాయి. కొన్ని గంటల్లో సంచి ఖాళీ అవుతుంది. చెరువులో జబ్బు కనబడిన రోజున ఆ తవుడులోనే మందు కూడా కలుస్తుంది. తవుడు పొడి మేత. చేప నోటికి అందినంత అందుతుంది. అందనిది నీటిలో కలిసిపోతుంది.

శ్రోతలు మొదట గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదే. చేపకు వేశామనుకున్న మందు చెరువు మొత్తానికి వేసిన మందు. నీటికి వేసిన మందు. అడుగున ఉన్న బురదకు వేసిన మందు. ఆ నీటిలో, ఆ బురదలో బతికే కోటానుకోట్ల బ్యాక్టీరియాకు వేసిన మందు.

ఇందులో ఇంకో చిక్కుంది. జబ్బుపడ్డ మనిషికి అన్నం సహించనట్టే, జబ్బుపడ్డ చేపకూ మేత సహించదు. అది గట్టు వారన, నీటి పైపైన నీరసంగా తిరుగుతూ ఉంటుంది. సంచి దగ్గరికి రాదు. వచ్చి కడుపునిండా తినేది ఆరోగ్యంగా ఉన్న చేప. అంటే మందు ఎవరికి కావాలో వాళ్ళకు తక్కువగానూ, అక్కర్లేని వాళ్ళకు ఎక్కువగానూ అందుతోంది. అందుకే తెలిసిన నిపుణులు జబ్బు ముదరక ముందే, చేపలు ఇంకా మేత ముడుతున్నప్పుడే వైద్యం మొదలుపెట్టాలంటారు. ఆ సలహాను అపార్థం చేసుకుని, జబ్బు రాకముందే ముందుజాగ్రత్తగా మందు కలిపేవాళ్ళూ ఉన్నారు. ఈ విషయంలో జరిగే తప్పులన్నిటిలో ఇది పెద్దది.

చేప తిన్న మందైనా అంతా ఒంటికి పడుతుందా అంటే, పట్టదు. చేపల సాగులో చాలాకాలంగా వాడుతున్న యాంటిబయాటిక్ ఆక్సీటెట్రాసైక్లిన్. చేప పేగు ఈ మందును కొద్దిగానే పీల్చుకుంటుంది. మిగిలిందంతా మందు రూపంలోనే మలంతో నీటిలోకి వచ్చేస్తుంది. ఉప్పునీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం దాన్ని ఇంకా పట్టి ఉంచుతాయి. తినని మేత, చేపల మలం, వాటితోపాటు మందు, అన్నీ అడుగుకు దిగుతాయి. సముద్రంలో వల పంజరాలు కట్టి చేపలు పెంచే చల్లని దేశాల్లో, ఆ పంజరాల కింది బురదలో ఈ మందు నెలల తరబడి నిలిచి ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. పైన వైద్యం ఎప్పుడో ముగిసింది. అడుగున మాత్రం మందు ఇంకా ఉంది.

అలా మిగిలిన మందు చంపేంత గాఢంగా ఉండదు. పలచగా ఉంటుంది. ఆ పలచదనమే ప్రమాదం. మందు గాఢంగా ఉంటే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. అసలు లేకపోతే దాని మానాన అది బతుకుతుంది. పలచగా, చాలాకాలం ఉంటే మాత్రం, మందును తట్టుకోగలిగిన బ్యాక్టీరియాకు పండగే. మిగతావి నీరసపడతాయి, తట్టుకోగలిగింది పెరుగుతుంది.

తట్టుకోగలిగింది ఎక్కడి నుంచి వస్తుంది? కొంత ముందే అక్కడ ఉంటుంది. ఎకరం చెరువులో ఒకటిన్నర మీటరు లోతు నీరుంటే, అది సుమారు 60 లక్షల లీటర్లు. చెరువు నీటిలో ఒక్క మిల్లీలీటరులోనే, అంటే పదిహేను ఇరవై చుక్కల్లోనే, దాదాపు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటుంది. బురదలో ఇంకా ఎక్కువ. బ్యాక్టీరియా ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అనువైన పరిస్థితుల్లో కొన్ని జాతులు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఇలా చీలేటప్పుడు ఎప్పుడో ఒకసారి జన్యువులో చిన్న పొరపాటు జరుగుతుంది. ఆ పొరపాటు కోట్లలో ఒకదానికి ఒక మందును తట్టుకునే శక్తినిస్తుంది. కోట్లలో ఒకటంటే చాలా అరుదు అనిపిస్తుంది. కానీ చెరువులో ఉన్నవి కోట్ల కోట్లు. అంచేత ఆ అరుదైనది ప్రతి చెరువులోనూ ఉన్నట్టే లెక్క. మందు పడేదాకా దానికి ప్రత్యేకత లేదు. మందు పడిన రోజు నుంచి చెరువు దానిదవుతుంది.

అంతవరకే అయితే, ఆ చెరువులో ఇక ఆ మందు పనిచేయదు, రైతు నష్టపోతాడు, కథ అక్కడితో అయిపోతుంది. కానీ అయిపోదు. బ్యాక్టీరియాకు ఒక విచిత్రమైన గుణం ఉంది. తనకున్న నిరోధక శక్తిని తన పిల్లలకే కాక పక్కనున్న పరాయి జాతి బ్యాక్టీరియాకు కూడా ఇవ్వగలదు.

ఈ సంగతి బయటపడింది జపాన్‌లో. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ రక్త విరేచనాల జబ్బు చాలా ఎక్కువగా ఉండేది. దానికి కారణం షిగెల్లా అనే బ్యాక్టీరియా. 1950ల మధ్యలో వైద్యులకు ఒక వింత కనబడింది. సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్, ఈ నాలుగు మందులకూ ఒకేసారి లొంగని షిగెల్లా కనబడింది. ఒక్కో మందుకు ఒక్కో పొరపాటు జరిగి, నాలుగూ ఒకే బ్యాక్టీరియాలో చేరడం దాదాపు అసాధ్యం. 1959 నాటికి జపాన్ శాస్త్రవేత్తలు దీని గుట్టు పట్టుకున్నారు. నిరోధకత కట్టకట్టుకుని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకు నేరుగా వెళుతోంది. పేగులో నిరపాయంగా బతికే ఈకోలై నుంచి జబ్బు చేసే షిగెల్లాకు, షిగెల్లా నుంచి ఈకోలైకి. ఆ కట్టను మోసే చిన్న వలయం లాంటి జన్యుపదార్థాన్నే ఇప్పుడు ప్లాస్మిడ్ అంటున్నారు.

ప్లాస్మిడ్‌ను ఒక సంచిగా ఊహించుకోవచ్చు. ఆ సంచిలో ఒక మందుకు విరుగుడు ఉండొచ్చు, ఐదు మందులకు ఉండొచ్చు. రెండు బ్యాక్టీరియాలు ఒకదానికొకటి తగిలినప్పుడు సంచికి ఒక నకలు తయారై అవతలిదానికి చేరుతుంది. ఇచ్చినదాని సంచి దాని దగ్గరే ఉంటుంది. పుచ్చుకున్నదానికీ ఒకటి దక్కుతుంది. అదే జపాన్‌లో 1970ల్లో ఈల్ చేపల చెరువుల్లో, ఇతర చేపల ఫారాల్లో వెతికితే, చేపలకు జబ్బు చేసే బ్యాక్టీరియాలోనూ ఇలాంటి సంచులే కనబడ్డాయి.

ఈ మాట మరోసారి చెప్పుకోవడం అవసరం. నిరోధకత ఒక బ్యాక్టీరియా నుంచి వేరే జాతి బ్యాక్టీరియాకు దాటుతుంది. చేపకు జబ్బు చేసే బ్యాక్టీరియా మనిషికి జబ్బు చేయకపోవచ్చు. కానీ దాని దగ్గరున్న సంచి, మనిషికి జబ్బు చేసేదాని చేతికి చిక్కవచ్చు.

చిక్కాలంటే రెండూ ఒకచోట కలవాలి. కలిసే చోటు చెరువే. కొల్లేటినే తీసుకుంటే, బుడమేరు విజయవాడ వైపు నుంచి వచ్చి అందులో కలుస్తుంది. తమ్మిలేరు ఏలూరును ఒరుసుకుంటూ వచ్చి కలుస్తుంది. ఊళ్ళ మురుగు, పట్టణాల మురుగు ఆ నీటితోనే వస్తుంది. మురుగులో మనుషుల పేగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియా ఉంటుంది. మనుషులు వాడి విసర్జించిన మందులూ ఉంటాయి. చెరువుకు ఎరువుగా కోళ్ళ పెంట వేస్తారు. ఆ కోళ్ళకు యాంటిబయాటిక్ వాడి ఉంటే, దాని అవశేషం, దాన్ని తట్టుకున్న బ్యాక్టీరియా పెంటతోపాటు చెరువులో పడతాయి. కొన్నిచోట్ల నిబంధనలు కాదన్నా కోడి వ్యర్థాలనే చేపలకు మేతగా వేస్తున్నారు. పైన బాతులు, కొంగలు తిరుగుతుంటాయి. ఇవాళ ఒక చెరువులో వాలిన కొంగ రేపు ఇంకో చెరువులో వాలుతుంది. మనిషి బ్యాక్టీరియా, కోడి బ్యాక్టీరియా, చేప బ్యాక్టీరియా, నీటి బ్యాక్టీరియా, ఇన్ని రకాలు వెచ్చని నీటిలో, మేత సమృద్ధిగా ఉన్నచోట, పలచటి మందు మధ్య కలుస్తున్నాయి. నిరోధకత చేతులు మారడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం.

చెరువు నుంచి అది మళ్ళీ మనుషుల దగ్గరికి వచ్చే దారులు చాలా ఉన్నాయి. పట్టుబడి అయ్యాక చెరువు నీరు మురుగు కాలువలోకి వదులుతారు. ఆ కాలువ కింద ఇంకొకరి చెరువు ఉంటుంది, ఇంకొకరి పొలం ఉంటుంది. వల లాగేవాళ్ళ చేతులకు, చేప శుభ్రం చేసేవాళ్ళ వేళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటాయి, గాట్లు పడతాయి. ఆ గాయాల్లోకి ఏరోమోనాస్, విబ్రియో వంటి నీటి బ్యాక్టీరియా దిగడం కొత్త సంగతేమీ కాదు. అది మందుకు లొంగనిదైతే మామూలు పుండు మొండి పుండవుతుంది. ఇక వండిన చేప సంగతి. బాగా ఉడికిన పులుసులో, బాగా వేగిన ముక్కలో బ్యాక్టీరియా బతకదు. కాబట్టి చేప తినడానికి భయపడాల్సిన పని లేదు. పచ్చి చేప కోసిన కత్తి, పీట, చేతులు కడుక్కోకుండా కూరగాయ తరిగితేనే ముప్పు.

నీటిలోని నిరోధకత నిజంగా ఆసుపత్రి దాకా వెళ్ళిందా? ఇందులో కొంత రుజువైంది, కొంత బలమైన అనుమానం. రెండిటినీ కలపకుండా చెప్పుకోవాలి.

రుజువైనది ముందు. సిప్రోఫ్లాక్సాసిన్ పేరు తెలియని ఇల్లు ఇప్పుడు అరుదు. ఆ కుటుంబపు మందులను తట్టుకునే ఒక జన్యువు ప్లాస్మిడ్ మీద, అంటే చేతులు మారే సంచిలో, ఉందని 1998లో అమెరికాలో దొరికిన ఒక బ్యాక్టీరియా ద్వారా లోకానికి తెలిసింది. అది ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే, 2005లో దాని పుట్టిల్లు షెవనెల్లా అనే నీటి బ్యాక్టీరియా అని తేలింది. విబ్రియో, ఏరోమోనాస్ లాంటి నీటి జాతుల్లోనూ ఆ జన్యువుకు చుట్టాలున్నాయి. అంటే ఆసుపత్రిలో రోగిని ఇబ్బంది పెడుతున్న జన్యువు ఒకప్పుడు నీటిలో ఎవరి కంటా పడకుండా ఉండేది. దాన్ని పైకి తెచ్చింది చేపల సాగేనని చెప్పడానికి ఆధారం లేదు. నీటిలో ఉన్నది ఆసుపత్రికి రాగలదనడానికి మాత్రం ఇది గట్టి ఆధారం.

ఇక అనుమానాలు. 1991లో దక్షిణ అమెరికాలో కలరా వ్యాపించింది. పెరూలో మొదలై పక్కనున్న ఈక్వడార్‌కు వచ్చింది. మొదట మందులకు లొంగిన కలరా క్రిమి, ఈక్వడార్ తీరంలో కొద్దికాలంలోనే చాలా మందులకు లొంగకుండా పోయింది. ఆ తీరంలో రొయ్యల చెరువులు విస్తారంగా ఉన్నాయి. వాటిలో యాంటిబయాటిక్‌లు వాడేవారు. కలరా క్రిమి విబ్రియో జాతిదే, రొయ్యకు జబ్బు చేసేదీ విబ్రియో జాతిదే. దగ్గరి చుట్టాలు. ఆ చెరువుల్లోని విబ్రియోల నుంచి కలరా క్రిమికి నిరోధకత వచ్చి ఉండొచ్చని పరిశోధకులు రాశారు. అలాగే 1990ల్లో యూరప్‌ను, అమెరికాను కలవరపెట్టిన ఒక సాల్మొనెల్లా రకం ఐదు మందులను ఒకేసారి తట్టుకునేది. దానిలోని ఒక జన్యువు జపాన్ చేపల ఫారాల బ్యాక్టీరియాలో కనబడిన జన్యువును చాలావరకు పోలి ఉంది. అక్కడి నుంచే వచ్చిందని తేల్చి చెప్పలేకపోయారు, కానీ అనుమానం తీరలేదు.

కొలిస్టిన్ సంగతి ఇంకా దగ్గరిది. వేరే ఏ మందూ పనిచేయనప్పుడు ఇంటెన్సివ్ కేర్‌లో వైద్యులు చివరి ఆశగా వాడే మందు అది. దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీదికి ఎక్కిందని 2015లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. పందుల పెంపకంలో అప్పట్లో ఆ మందును విరివిగా వాడిన దేశం అది. 2019 జూలైలో భారత ప్రభుత్వం కోళ్ళకు, పశువులకు, చేపలు రొయ్యల సాగుకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. చాలా మంచి పని. ఇంకా ముందే జరిగి ఉండాల్సిన పని.

రైతుల్లోనూ, వ్యాపారుల్లోనూ, వార్తల్లోనూ ఎప్పుడూ వినిపించే మాట ‘అవశేషం’. రొయ్యలో యాంటిబయాటిక్ అవశేషం దొరికింది, కంటైనర్ వెనక్కి వచ్చింది అంటారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందులు ఆక్వా సాగులో పూర్తిగా నిషిద్ధం. 2016లో యూరప్ సమాఖ్య మన దేశం నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకులో తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. పట్టుబడికి ముందే రొయ్యను పరీక్షించే ల్యాబ్‌లు కోస్తా జిల్లాల్లో వచ్చాయి. ఇదంతా అవసరమే.

కానీ అవశేషం వేరు, నిరోధకత వేరు. మందు ఆపి, చెప్పిన గడువు దాకా ఆగితే చేప ఒంట్లోని అవశేషం తగ్గిపోతుంది. పరీక్షలో ఏమీ కనబడదు. సరుకు ఓడ ఎక్కుతుంది. ఆ చెరువు బురదలో తయారైన నిరోధక బ్యాక్టీరియా మాత్రం అక్కడే ఉంటుంది. దాన్ని ఆ పరీక్ష చూడదు. చూడడానికి పెట్టిన పరీక్ష కాదది. అంటే అవశేషం లేని చెరువులో నిరోధకత లేదని అనుకోవడానికి వీల్లేదు. ఇంకో సంగతి కూడా మనసుకు కష్టంగానే చెప్పుకోవాలి. ఓడ ఎక్కే రొయ్యకు ఉన్నంత తనిఖీ, ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి కోల్‌కతాకు, గౌహతికి, మన ఊరి సంతకు వెళ్ళే చేపకు లేదు. విదేశీయుడి పళ్ళేనికి ఉన్న కాపలా మన పళ్ళేనికీ ఉండాలి.

మందు లేకుండా ఇంత పెద్ద సాగు సాధ్యమా అనే ప్రశ్నకు నార్వే జవాబు చెప్పింది. ఆ దేశం సముద్రపు పంజరాల్లో సాల్మన్ చేపను పెంచుతుంది. 1980ల్లో అక్కడ జబ్బుల మీద జబ్బులు వచ్చాయి. హిత్రా అనే ద్వీపం పేరుతోనే ఒక జబ్బును పిలిచేవారు. చల్లని నీటిలో వచ్చే విబ్రియో జబ్బు అది. తరువాత స్కాట్లాండ్ నుంచి తెచ్చిన చేపపిల్లలతో ఒంటిమీద పుండ్లు పడే ఇంకో జబ్బు దిగింది. రైతులు మందుల మీద పడ్డారు. 1987లో నార్వే చేపల సాగు దాదాపు 50 టన్నుల యాంటిబయాటిక్ వాడింది. అప్పుడు పండించిన సాల్మన్ 50 వేల టన్నుల లోపే. అంటే టన్ను చేపకు కిలో చొప్పున మందు.

ఇప్పుడు అదే నార్వే ఏడాదికి 10 లక్షల టన్నులకు మించి సాల్మన్ పండిస్తోంది. ఇటీవలి సంవత్సరాల్లో వాడిన యాంటిబయాటిక్ మొత్తం కలిపి ఒక్క టన్ను కూడా లేదు. శ్రోతలకు ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు. చేప ఇరవై రెట్లకు పైగా పెరిగింది. మందు 50 టన్నుల నుంచి టన్ను లోపుకు పడిపోయింది.

ఎలా పడిపోయింది? కుదరదనుకున్న పనిని వాళ్ళు చేశారు. చేపకు సూది వేశారు. జబ్బు వచ్చాక వేసే మందు సూది కాదది, జబ్బు రాకముందే వేసే టీకా. సాల్మన్ పిల్లను సముద్రంలోకి వదిలే ముందు మత్తిచ్చి, ఒక్కోదాని పొట్టలో టీకా వేస్తారు. మొదట చేత్తో వేశారు, తరువాత యంత్రాలు వచ్చాయి. 1990ల మొదట్లో నూనెలో కలిపిన టీకా వచ్చాక పుండ్ల జబ్బు లొంగింది. అయితే టీకా ఒక్కటే కాదు. ఒక తరం చేపను పట్టాక ఆ చోటును కొంతకాలం ఖాళీగా ఉంచారు. పెద్ద చేపను, పిల్లచేపను ఒకచోట కలపకుండా చూశారు. అనుమతి ఉన్న వైద్యుడి చీటీ లేకుండా యాంటిబయాటిక్ దొరకకుండా చేశారు, ఏ ఫారం ఎంత వాడిందో లెక్క రాశారు. నార్వేలో ఇక సమస్యలే లేవని కాదు, సముద్రపు పేను అక్కడి రైతును ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉంది. కానీ యాంటిబయాటిక్ మీద ఆధారపడడం మాత్రం పోయింది.

అదే సాల్మన్‌ను దక్షిణ అమెరికాలోని చిలీ కూడా పెంచుతుంది. అక్కడ దారి వేరుగా నడిచింది. 1989లో అక్కడ సాల్మన్‌ను చంపుతున్న ఒక కొత్త బ్యాక్టీరియాను గుర్తించారు. పేరు పిసిరికెట్సియా. అది చేప కణాల లోపలే దాక్కుని బతుకుతుంది. వచ్చిన టీకాలు దాన్ని ఎక్కువకాలం ఆపలేకపోయాయి. దాంతో మందు వాడకం పెరుగుతూ పోయింది. 2014లో చిలీ సాల్మన్ సాగు 560 టన్నులకు పైగా యాంటిబయాటిక్ వాడింది. అందులో అధికభాగం ఫ్లోర్‌ఫెనికాల్. చిలీలో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన ఫెలిపే కబేయో అనే సూక్ష్మజీవి శాస్త్రవేత్త చేపలకు వాడే మందు మనుషుల జబ్బుల మీద పడుతుందని ఏళ్ళ తరబడి రాస్తూ, హెచ్చరిస్తూ వచ్చారు. ఒకే చేప, రెండు దేశాలు, రెండు ఫలితాలు. టీకా పనిచేసిన చోట మందు పోయింది, పనిచేయని చోట మందు ఉండిపోయింది.

నార్వే దారిని కొల్లేటికి ఉన్నదున్నట్టు తీసుకురాలేం. సాల్మన్‌కు పలికే ధర శీలావతికి పలకదు. చెరువులో వేల చేపలకు ఒక్కోదానికీ సూది వేయించడం చిన్న రైతుకు గిట్టదు. రొయ్య సంగతి ఇంకా కష్టం. చేప ఒంట్లో టీకాను గుర్తుపెట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి, రొయ్య ఒంట్లో తయారు కావు. మనిషికి, చేపకు పనిచేసే పద్ధతిలో రొయ్యకు టీకా పనిచేయదు.

మరి రైతు మందు ఎందుకు వేస్తాడు? తెలియక వేస్తాడనడం అన్యాయం. భయంతో వేస్తాడు. లీజు కట్టాలి, మేత అప్పు తీర్చాలి, కరెంటు బిల్లు కట్టాలి. రాత్రికి రాత్రి చేపలు తేలితే ఏడాది కష్టం పోతుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చల జబ్బు కోస్తాలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు ఎన్ని కుటుంబాలు అప్పుల పాలయ్యాయో ఆ ఊళ్ళలో ఇప్పటికీ చెబుతారు. అలాంటి భయంలో ఉన్నవాడికి మందుల దుకాణంవాడు ఇచ్చిన పొట్లమే ధైర్యం. లోపల ఏముందో ఆ పొట్లం మీద సరిగా రాసి ఉండకపోవచ్చు కూడా.

ఇక్కడ అసలు విషాదం ఏమిటంటే, చాలాసార్లు ఆ మందు ఆ జబ్బుకు పనికొచ్చేదే కాదు. తెల్లమచ్చల జబ్బు వైరస్ వల్ల వస్తుంది. యాంటిబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. వనామీ రకం రొయ్యను ఎదగనీయకుండా చేసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి శిలీంధ్రాలకు దగ్గరి జీవి. దానికీ యాంటిబయాటిక్ పనిచేయదు. చేప ఒంటి మీద పుండ్లు పడే జబ్బుల్లో ఒకదానికి అసలు కారణం బూజు జాతి జీవి. శీలావతికి పట్టే పేను రొయ్యలు, పీతల కోవకు చెందిన జీవి. అది కొరికిన చోట గాయమై, ఆ గాయంలో బ్యాక్టీరియా చేరుతుంది. పేనును వదిలేసి పుండుకు యాంటిబయాటిక్ వేస్తే పుండు మళ్ళీ వస్తుంది. ఆక్సిజన్ తగ్గి తెల్లవారుజామున చేపలు పైకి తేలితే అది జబ్బే కాదు. మళ్ళీ అదే మాట. యాంటిబయాటిక్ బ్యాక్టీరియాకే. వైరస్‌కు కాదు, బూజుకు కాదు, పేనుకు కాదు, ఊపిరాడని చేపకు కాదు. తప్పు జబ్బుకు వేసిన మందు చేపను బతికించదు, చెరువులో నిరోధకతను మాత్రం పెంచుతుంది.

జబ్బు రాకుండా చేసే పనులు రైతులకు కొత్తవి కావు. పట్టుబడి అయ్యాక చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగట్టడం, నల్ల బురద తీసేయడం, సున్నం చల్లడం పెద్దలనాటి నుంచి ఉన్నవే. ఎండ తగిలిన బురదలో బ్యాక్టీరియా తగ్గుతుంది, పాత మందు కూడా విరిగిపోతుంది. పరీక్షించిన సీడు వేయడం, ఎకరానికి వేసే పిల్లల సంఖ్య తగ్గించడం, మేత మిగలకుండా చూడడం, ఏరేటర్లు సమయానికి తిప్పడం, ఒక చెరువు వల ఇంకో చెరువులో దింపే ముందు ఆరబెట్టడం, ఇవన్నీ ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ అడిగే పనులు. వీటిలో పిల్లల సంఖ్య తగ్గించడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది ఆశకు సంబంధించింది. కిక్కిరిసిన చెరువులో జబ్బును మందు ఎక్కువకాలం ఆపలేదు. మేత నాణ్యత మీద 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేకంగా చట్టం చేసింది. మేతలో చాటుగా కలిసే మందుల మీద దాన్ని గట్టిగా వాడితే సగం పని అక్కడే జరుగుతుంది.

ఇంత చేసినా జబ్బు వస్తే, నిజంగా బ్యాక్టీరియా జబ్బే అయితే, మందు వేయాల్సిందే. ఏ మందో తెలియాలి. దానికి ల్యాబ్‌లో చేసే పరీక్ష చాలా సరళమైంది. జబ్బు చేప నుంచి బ్యాక్టీరియాను తీసి గాజు పళ్ళెంలో పెంచుతారు. దాని మీద ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. మరునాటికి పళ్ళెమంతా బ్యాక్టీరియా పరుచుకుని ఉంటుంది. మందు పనిచేసిన బిళ్ళ చుట్టూ ఖాళీ గుండ్రం కనబడుతుంది. పనిచేయని బిళ్ళను ఆనుకుని బ్యాక్టీరియా పెరిగి ఉంటుంది. చదువు రానివాళ్ళకు కూడా చూడగానే అర్థమయ్యే పరీక్ష అది. ఏ మందు పనికొస్తుందో, ఏది దండగో ఆ పళ్ళెమే చెబుతుంది.

కాబట్టి చేపల, రొయ్యల రైతులందరికీ ఒక విన్నపం. చెరువులో తేడా కనబడగానే పొట్లం విప్పకుండా ల్యాబ్‌కు వెళ్ళాలి. చచ్చి ఉబ్బిన చేపను తీసుకువెళితే దానిలో కుళ్ళు బ్యాక్టీరియా తప్ప ఇంకేమీ దొరకదు. జబ్బు లక్షణాలున్న బతికున్న చేపలను రెండు మూడింటిని, అదే చెరువు నీటిలో, ఆక్సిజన్ నింపిన సంచిలో తీసుకువెళ్ళాలి. నీటిని వేరే శుభ్రమైన సీసాలో పట్టాలి. చెరువులో అప్పటికే ఏ మందు వేశారో, ఎన్ని రోజులు వేశారో, ఎంత వేశారో, అది నిషేధించిన మందైనా సరే, పరీక్షించేవారికి దాచకుండా చెప్పాలి.